లోపలి భావన, నడవడి, మార్పు: పశ్చిమ ప్రకాశం నేర్పేది

మనిషి తన గురించి, తన శక్తి గురించి, తనకు జరిగే మంచిచెడులకు కారణాల గురించి మనసులో స్థిరపరచుకున్న అంచనాలనే ఇక్కడ లోపలి భావనలు అంటున్నాం. ఇవి మాటల్లో బయటపడేది తక్కువ. చేసే పనిలోనూ, చేయకుండా వదిలేసిన పనిలోనూ ఎక్కువగా కనబడతాయి. బోరు ఎండిపోయిన ఇద్దరు రైతుల్లో ఒకరికి అది తలరాత, మరొకరికి భూగర్భ జలం కిందికి దిగిపోయిన ఫలితం. నష్టం ఇద్దరికీ ఒకటే అయినా మర్నాటి నుంచి వాళ్లు పట్టే దారులు ఒకటి కావు.

ఈ విషయాన్ని పరిశీలించడానికి పశ్చిమ ప్రకాశం కంటే తగిన చోటు తెలుగునాట అరుదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఈ రెండు జిల్లాలతో పాటు మరో జిల్లా అంచును కూడా కలిపి ఆ ఏడాది ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. ఒక పక్క నల్లమల, మరో పక్క వెలిగొండలు, మధ్యన మెట్ట చేలు. వాన తక్కువ, వచ్చే వానకు నిలకడ లేదు. బతుకుతెరువు కోసం బేల్దారి పనికి హైదరాబాదు, బెంగళూరు వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇలాంటి నేల మీద ‘మన చేతిలో ఏముంది’ అన్న మాట ఎలా పుడుతుంది, ఎప్పుడు వీగిపోతుంది అన్నదే అసలు ప్రశ్న.

శాస్త్రం చెప్పేది

తమ జీవితాన్ని నడిపేది తమ చేతలేనని కొందరు నమ్ముతారు. అదృష్టమో, దైవమో, పైవాళ్లో నడుపుతున్నారని మరికొందరు నమ్ముతారు. ఈ తేడాను కొలిచే పద్ధతిని అమెరికా మనస్తత్వవేత్త జూలియన్ రాటర్ 1966లో ప్రకటించాడు. మరుసటి ఏడాది మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కలపై చేసిన ప్రయోగాలు వెలువడ్డాయి. ఏం చేసినా ఆగని కరెంటు షాకులు తిన్న కుక్కలు, తర్వాత తప్పించుకునే దారి ఉన్నప్పుడు కూడా చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. నిస్సహాయత అనుభవంతో నేర్చుకునేదేనని అప్పట్లో తేల్చారు. అయితే దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. దెబ్బ మీద దెబ్బ తగిలినప్పుడు చతికిలబడటం ప్రాణికి సహజంగా వచ్చే స్పందన అనీ, నేర్చుకోవలసింది ‘కొంతైనా నా చేతిలో ఉంది’ అన్న సంగతినే అనీ మెదడు పరిశోధనల ఆధారంగా వివరించారు. కరువు ప్రాంతపు మనుషులకు సోమరితనం అంటగట్టే వాళ్లందరూ చదవవలసిన సవరణ ఇది.

‘ఈ పని నేను చేయగలను’ అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో ఆల్బర్ట్ బండూరా 1977లో విడమర్చాడు. తాను స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, తనలాంటి మనిషి నెగ్గడం కళ్లారా చూడటం, ఎదుటివాళ్ల ప్రోత్సాహం, ఒంట్లో కలిగే ఉత్సాహం లేదా దడ అన్నవి అతను చెప్పిన నాలుగు దారులు. వీటిలో మొదటిదాని బలం ఎక్కువ. మాటలతో ఇచ్చే ప్రోత్సాహం త్వరగా ఆవిరైపోతుంది. డారిల్ బెమ్ ఇంకొంచెం ముందుకు పోయి, మనిషి తన మనసేమిటో తెలుసుకునేది చాలాసార్లు తన నడవడిని తానే గమనించుకుని అన్నాడు. అంటే భావన మారితే నడవడి మారుతుందన్నది సగం సంగతే. చేసిన పని కూడా లోపలికి వెళ్లి భావనను మారుస్తుంది. పశ్చిమ ప్రకాశం చరిత్ర ఈ రెండో సగానికే గట్టి సాక్ష్యం ఇస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కొబ్బరికాయ, బోరు, నీటి లెక్క

మెట్ట ప్రాంతాల్లో బోరు వేయించే ముందు నీళ్లు చూపించుకోవడం ఆనవాయితీ. అరచేతిలో కొబ్బరికాయో, రెండు పాయల పుల్లో పట్టుకుని చేనంతా నడిచే మనిషి, కాయ కదిలిన చోట, పుల్ల వంగిన చోట గుర్తు పెడతాడు. దీన్ని మోసం అనడం తొందరపాటు. మనసులో ఉన్న ఎదురుచూపు, మనిషికి తెలియకుండానే కండరాలను సన్నగా కదిలిస్తుందని ఇంగ్లండు శరీరధర్మ శాస్త్రవేత్త విలియం కార్పెంటర్ 1852లోనే వివరించాడు. పట్టుకున్న మనిషికి మాత్రం పుల్ల తనంతట తానే వంగినట్టు నిజంగానే అనిపిస్తుంది. లోపలి భావన చేతిని ఎలా నడుపుతుందో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

గట్టి రాతి నేలలో నీళ్లు పగుళ్లలో, పైనున్న మెత్తని పొరలో మాత్రమే నిలుస్తాయి. అందుకే పక్క చేలో పడిన నీళ్లు మన చేలో పడకపోవచ్చు. ఒక బోరు ఎండాక మరొకటి, దాని తర్వాత ఇంకొకటి వేయించే రైతును మూర్ఖుడనడం సులభం. నష్టంలో ఉన్న మనిషి దాన్ని ఖాయం చేసుకుని ఊరుకోవడం కంటే, పూడ్చుకునే చిన్న ఆశ కోసం పెద్ద సాహసానికే మొగ్గుతాడని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లో చూపారు. ఇది అన్ని దేశాల మనుషుల తీరు. పశ్చిమ ప్రకాశంలో ఆ సాహసానికి అయ్యే ఖర్చు అప్పు రూపంలో ఇంటి మీద పడుతుంది.

ఇక్కడే ఒక మంచి ప్రయత్నం జరిగింది. రైతులే భూగర్భ జలాన్ని నిర్వహించుకునే పథకం ఒకటి 2003లో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో మొదలైంది. వాటిలో ప్రకాశం ఒకటి. నెదర్లాండ్స్ సాయం, ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు దీనికి ఉన్నాయి. బోర్లు వేయవద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు, నగదు ప్రోత్సాహమూ లేదు. రైతులే వానమాపకం చూసి రాసుకున్నారు, బావిలోకి తాడు వదిలి నీటిమట్టం కొలిచారు, రబీ ముందు ఊరంతా కూర్చుని ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంట ఎంత తాగుతుంది అని లెక్క కట్టారు. భూమి కింద కనపడకుండా ఉన్న నీరు కాగితం మీద అంకె అయింది. ‘నా బోరు, నా అదృష్టం’ అనుకున్నది ‘మనందరి కింద ఉన్న ఒకే నీరు’ అయింది. నీళ్లు ఎక్కువ తాగే పంటల నుంచి పలుచోట్ల రైతులు తమంతట తాము పక్కకు జరిగారు. పథకం ముగిశాక కొలతలు ఆగిన ఊళ్లలో పాత అలవాటు తిరిగి వచ్చిందని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. ఆశ్చర్యం లేదు. కొలవడం ఒక పని. పని ఆగితే దాని మీద నిలబడ్డ భావనా సడలుతుంది.

కంటికి కనపడని ఫ్లోరైడ్

భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మనుషుల్లో తొలిసారి శాస్త్రీయంగా గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ప్రచురించిన ఆ అధ్యయనపు నేల చాలావరకు పశ్చిమ ప్రకాశం కిందికి వస్తుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని నేటి ప్రమాణాలు చెబుతున్నాయి. పిల్లల పళ్ల మీద గార, పెద్దవాళ్లకు బిగుసుకుపోయే కీళ్లు, వంగిపోయే వెన్ను, ఇవన్నీ ఏళ్ల తరబడి తాగిన నీటి ఫలితం.

భావన దృష్టితో చూస్తే ఈ వ్యాధి చాలా కఠినమైనది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ఉడకబెడితే పోదు. బోరు నీరు అద్దంలా తేటగా ఉంటుంది. చెరువు నీరు మురికిగా కనిపిస్తుంది, కానీ ఉపరితల జలంలో సాధారణంగా ఫ్లోరైడ్ తక్కువ. కన్ను మంచిదన్న నీరే ఎముకను వంచుతుంది. పైగా కారణానికీ ఫలితానికీ మధ్య పదేళ్లో ఇరవై ఏళ్లో గడుస్తాయి. ఊళ్లో సగం మందికి నడుము వంగి ఉంటే అది వయసు సహజమని అనిపించడంలో తప్పేముంది? పోల్చి చూసుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న పొరుగు ఊరు లేనప్పుడు జబ్బు జబ్బుగా కనబడదు. శుద్ధి చేసిన నీళ్ల క్యాన్లు ఊళ్లలోకి వచ్చాక పట్టింపు పెరిగింది. అయినా తాగడానికి క్యాను నీళ్లు, వంటకు బోరు నీళ్లు వాడే ఇళ్లలో, అన్నం పప్పుల గుండా అదే ఫ్లోరైడ్ ఒంట్లోకి వెళ్తూనే ఉంటుంది.

పేరయ్య, మూడు నియమాలు

ఈ ప్రాంతంలో లోపలి భావన సామాజిక నడవడిగా మారిన ఘట్టాల్లో యర్రగుంట్ల పేరయ్య కథ అన్నిటికంటే లోతైనది. ఒంగోలుకు పడమటనున్న తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ పెద్ద ఆయన. తోళ్ల పని చేసే మనిషి, రాజయోగ సాధకుడు కూడా. ఊరికి వెలుపల నెట్టిన కులంలో పుట్టి, లోపల ఉన్న దైవాన్ని వెతుక్కుంటూ గురువుల వెంట తిరిగాడు. వ్యాపారం మీద ఉత్తరంగా గోదావరి వైపు వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో భార్యతో పాటు బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడాది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరిలో పేరయ్య ఆహ్వానం మీద తాళ్లకొండపాడు వెళ్లి అక్కడ 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఈ మనుషుల జ్ఞాపకాలను సేకరించి 1899లో పుస్తకంగా అచ్చువేసింది. ఇంత వివరం మనకు దక్కింది అందువల్లే.

చేరినవాళ్లు మూడు నియమాలు పాటించాలి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, గ్రామదేవతలను కొలవకూడదు. చూడటానికి ఇవి మతాచారాలు. నిజానికి ప్రతి నియమం ఊరి కట్టుబాటును తాకింది. వారంలో ఒక రోజు పని చేయనన్న వెట్టి మనిషి, తన రోజు తనదని చెప్పినట్టే. చచ్చిన గొడ్డును మోసుకుపోయి తినడమన్నది మాదిగల మీద ఊరు మోపిన తరతరాల స్థానం. దాన్ని తిననంటే ఆ స్థానాన్నే కాదన్నట్టు. జాతరలో డప్పు కొట్టే మాదిగ లేకపోతే జాతరే నడవదు. ఊరి పెద్దలకు కోపం వచ్చింది ఎవరు ఏ దేవుణ్ణి నమ్మారన్న దాని మీద కాదు, ఈ పనుల మీద.

మనస్తత్వ శాస్త్రం బెమ్ దాకా ఆగి చెప్పిన సంగతి ఇక్కడ వందేళ్ల ముందే జరిగింది. ‘నువ్వు తక్కువవాడివి కావు’ అని ఎంత బోధించినా లోపలికి దిగేది కొంచెమే. ప్రతి ఆదివారం పని మానేసి, దాని వల్ల వచ్చిన కష్టాన్ని పదిమందితో కలిసి భరించిన మనిషికి తానెవరో వేరే ఎవరూ చెప్పనక్కర లేదు.

1876-78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు కూటి కోసం మారారన్న విమర్శ అప్పటి నుంచీ ఉంది. ఆకలిని పక్కన పెట్టి ఈ ఘట్టాన్ని అర్థం చేసుకోలేం. కానీ సాయం అందుతున్న కాలంలో క్లౌ బాప్తిస్మాలు ఆపివేశాడు. కదలిక అంతకు పదేళ్ల ముందే తాళ్లకొండపాడులో మొదలైంది కూడా. ఒక్క అన్నమే కారణమనే మాట, వెతుక్కుంటూ తిరిగిన పేరయ్యకూ అతనివాళ్లకూ మనసే లేదన్నట్టు మాట్లాడుతుంది. తర్వాతి కాలంలో కంభం, మార్కాపురం కూడా మిషన్ కేంద్రాలయ్యాయి, బడులు వచ్చాయి.

దూబగుంట

ప్రకాశం దక్షిణపు హద్దు దాటగానే నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర దూబగుంట ఉంది. 1990 దశకం మొదట్లో అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడుల్లో ఆడవాళ్లకు చదువు చెప్పింది. వాచకంలో ‘సీతమ్మ కథ’ ఉంది. సారా వల్ల కూలిపోయిన సంసారం, ఊరి ఆడవాళ్లు కలిసి దుకాణం మూయించడం అందులోని విషయం. చదివినవాళ్లకు అది పరాయి కథ కాలేదు. అప్పటిదాకా ఎవరి ఇంట్లో వాళ్లు ‘నా మొగుడు తాగుబోతు, నా ఖర్మ’ అనుకున్న బాధ, పలక పట్టుకుని ఒకచోట కూర్చున్నాక ఊరంతటి బాధగా కనబడింది. వర్ధినేని రోశమ్మ ముందు నడవగా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, సారా వేలంపాటలు ఆగాయి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది.

చట్టం సడలినా ఆ స్త్రీలు మళ్లీ పాత చోటికి వెళ్లలేదు. నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు ఆ కదలిక నుంచే పుట్టాయి, అక్కడి నుంచి స్వయం సహాయక సంఘాల దాకా దారి సాగింది. 

ముద్ర

బయటివాళ్లు వేసిన పేరు లోపలి భావన అయిపోవడం ఇంకో రకం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను కుదురుగా కట్టడి చేశారు. బిడ్డ పుట్టగానే నేరస్థుడన్న లెక్క. 1952లో చట్టం పోయినా పేరు పోలేదు. కవి జాషువా కుమార్తె హేమలతా లవణం 1970 దశకం నుంచి ఆ ఊరివాళ్ల మధ్య పనిచేసింది. నేరం మానమని చెప్పడంతో ఆగకుండా, మనుషులుగా పలకరించడం, పిల్లలకు చదువు, బతకడానికి పని అన్నవి కలిపి చేసింది.

ముద్ర ఎంత లోతుకు పోతుందో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో మగపిల్లల మీద చేసి 2006లో ప్రకటించిన ప్రయోగం చూపుతుంది. కాగితం మీద చిక్కుదారులను విప్పడంలో దళిత పిల్లలు, అగ్రవర్ణ పిల్లలు దాదాపు సమానంగా రాణించారు. అందరి ముందూ కులం పేర్లు చదివాక అదే దళిత పిల్లలు వెనకబడ్డారు. తెలివి తగ్గలేదు. న్యాయం జరుగుతుందన్న నమ్మకం తగ్గింది. హాజరు పట్టీలో కులం చదివే అలవాటు ఉన్న ఏ బడికైనా ఈ ఫలితం వర్తిస్తుంది.

శిక్షణలు, పుస్తకాలు

భావనను నేర్పించి మార్చవచ్చా అన్న ప్రశ్నకు ప్రపంచ ప్రసిద్ధి పొందిన ప్రయోగం ఒకటి కాకినాడలో జరిగింది. అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ 1960 దశకం మధ్యలో కాకినాడ చిన్న వ్యాపారులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు రప్పించి, లక్ష్యాలు పెట్టుకోవడం, ఫలితానికి తామే బాధ్యులమని చూడటం నేర్పించాడు. రాజమండ్రి వ్యాపారులను పోలికకు తీసుకున్నాడు. శిక్షణ పొందినవాళ్లు తర్వాత ఎక్కువ చురుగ్గా వ్యాపారం సాగించారని డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో వెలువరించిన పుస్తకంలో చూపాడు. తెలుగులో బి.వి.పట్టాభిరామ్, యండమూరి వీరేంద్రనాథ్ రచనలతో వ్యక్తిత్వ వికాసం ఇంటింటి మాట అయింది. ఈ పుస్తకాలు ఎందరికో ధైర్యమిచ్చాయి. వాటిలో కొన్నింటికున్న లోపమేమంటే, ఓడిపోయిన ప్రతి మనిషిదీ మనసులో తప్పే అన్న అర్థం వచ్చేలా రాయడం. కాకినాడ వ్యాపారికి అంగడి, రేవు, రైలు ఉన్నాయి. పెద్దారవీడులోనో కొనకనమిట్లలోనో కంది వేసిన రైతుకు ఆ సదుపాయాలు అంతగా అందుబాటులో లేవు.

లోపలి మార్పుకు హద్దు

లేమి మనసు మీద పడే తీరును 2013లో ఒక అధ్యయనం కొలిచింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందు డబ్బు లేనప్పుడు, కోత తర్వాత చేతిలో డబ్బు ఉన్నప్పుడు అవే పరీక్షలతో పరీక్షించారు. అదే మనిషి కోత తర్వాత మెరుగ్గా ఆలోచించాడు. అప్పు, నీళ్లు, పిల్లల ఫీజు అన్న చింతలే మెదడులో చోటంతా తీసుకుంటే, ముందుచూపుకు మిగిలేది తక్కువ. మెట్ట రైతుకు ముందుచూపు లేదనే ముందు అతని చేతిలో ఉన్నది ఏ నెల అని అడగాలి.

నీటి విషయంలోనూ అంతే. గుండ్లకమ్మను కొండల మధ్య ఆపిన కంభం చెరువు విజయనగర కాలం నాటిది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడాల జాబితాకెక్కింది. కరువు నేల అన్న పేరున్న చోటే ఆ చెరువు కింద పంటలు పండాయి. మార్కాపురం ప్రాంత కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు మీదున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టీఎంసీలు తెచ్చి 4.47 లక్షల ఎకరాలకు ఇవ్వాలన్నది లక్ష్యం. నల్లమల కింద తవ్విన జంట సొరంగాలను 2024 మార్చిలో ప్రారంభించారు. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డ పెరిగి పెద్దై బేల్దారి పనికి వెళ్లేంత కాలం ఇది. ఇన్నేళ్లు మాట విన్నవాళ్లలో ‘వచ్చినప్పుడు చూద్దాం’ అన్న ధోరణి స్థిరపడితే దాన్ని నిరాశావాదం అనకూడదు. అది అనుభవం నుంచి వచ్చిన సరైన అంచనా, నీళ్లు పారితేనే మారుతుంది.

మార్కాపురం పలకల పనిలో రాతి ధూళి సంగతి కూడా ఇలాంటిదే. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. కార్మికుడికి ప్రమాదం వివరించి, ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెబితే చాలదు. ముక్క లెక్కన కూలి వచ్చే చోట గుడ్డ కట్టుకుంటే ఊపిరాడక చేయి నెమ్మదిస్తుంది, కూలి తగ్గుతుంది. రాయి కోసేటప్పుడు నీళ్లు పోసే ఏర్పాటు, ధూళిని లాగేసే ఫ్యాను, క్రమం తప్పని ఎక్స్‌రే పరీక్ష అన్నవి యజమాని, ప్రభుత్వం పెట్టవలసినవి. అవి పెట్టిన షెడ్డులో పనిచేసే మనిషి తన ఊపిరికి విలువ ఉందని ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తాడు, గుడ్డ కూడా కట్టుకుంటాడు.